కాలిన చెరకు ముందు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఏదో రాలుతోంది. నల్లగా, సన్నగా, వేలెడంత పొడుగున్న రేకులు గాలిలో తిరుగుతూ వచ్చి ఇంటి కప్పు మీద, పాలచెంబు మీద, ఆరేసిన బట్టల మీద వాలుతున్నాయి. ముట్టుకుంటే పొడైపోయి వేలికి మసి అంటుతోంది.

చెరకు ఆకు బూడిద. ఈ దీవిలో, లంబాసా కొండల్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాత్రి ఎవరిదో తోట కాలింది. ఎవరిదన్నదే తెలియాలి.

గుమ్మంలో నిలబడి గాలి ఎటునుంచి వస్తోందో చూశాను. తూర్పు. తూర్పు మెట్ట మీద నరకకుండా మిగిలిన తోట ఒక్కటే, బిసున్‌దేవ్‌ది. కత్తి తీసుకుని బయల్దేరాను.

ఒకరి చెరకు ఒకరం నరుక్కునే మా ముఠాలో పన్నెండు తోటలున్నాయి. ఏ తోట తర్వాత ఏ తోట నరకాలో ఏటా మొదట్లో చీట్లు తీసి తేలుస్తాం. తేలిన వరస మళ్ళీ మారదు. దాన్ని మార్చేది నిప్పు ఒక్కటే. తోట కాలితే ముఠా ఉన్నచోటు వదిలి అక్కడికి పోవాలి. కాలిన చెరకు నిలవుండదు. నాలుగు రోజులు దాటితే రసం పులుస్తుంది, మిల్లు వెనక్కి పంపేస్తుంది. అందుకని కాలిన చెరకు ముందు. మా తాతలు ఓడ దిగి ఈ కొండల్లో కత్తి పట్టిన నాటి నుంచీ ఇదే కట్టుబాటు.

ఆ ఏడు మిగిలినవి రెండే తోటలు. ముందు ఫూల్మతి వదినది, ఆఖరున బిసున్‌దేవ్‌ది. శనివారంతో మూసేస్తామని మిల్లువాళ్ళు చెప్పేశారు. అప్పటికి ఒక్క తోటే తెములుతుంది, రెండోది నిలబడిపోతుంది. మామూలుగా అయితే నిలబడిన చెరకుని మరుసటి ఏడు నరుక్కోవచ్చు. ఫూల్మతి వదినకి మరుసటి ఏడు లేదు. ఆమె కౌలు డిసెంబరుతో తీరిపోతుంది. భూమి దాని అసలు హక్కుదార్లు, సాకియాసి వంశం వాళ్ళకి వెనక్కి పోతుంది, మీదున్న చెరకుతో సహా. ఈ పంట మిల్లుకి చేరితే, ఉన్న ఇల్లు విప్పుకుని కొండ అవతల తమ్ముడి స్థలంలో మళ్ళీ నిలబెట్టుకుంటుంది. చేరకపోతే లారీ మాట్లాడుకోవడానికి కూడా ఆమె దగ్గర ఏమీ లేదు. మొగుడు పోయాక ఒక్కత్తే సాగు చేసింది. కష్టం ఇంకొకరికి చెప్పుకునే మనిషి కాదు. కౌలు సంగతి కూడా మా ముఠా పెద్ద, సర్దార్ మహాబీర్‌కి చెప్పింది గనక మాకు తెలిసింది. చీట్లు తీసిన రోజు ఆయనింట్లో యంగోనా, అదే మత్తు వేరు పిసికిన నీళ్ళు, తాగుతూ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు ఆయన చెప్పాడు, మగవాళ్ళం అందరం విన్నాం. బిసున్‌దేవ్ కూడా విన్నాడు.

నేను మెట్ట ఎక్కేసరికి ముఠా అంతా చేరింది. ఆకు మొత్తం కాలిపోయి చెరకు గడలు నల్లటి కర్రల్లా నిలబడి ఉన్నాయి. మొదళ్ళలో ఇంకా పొగ లేస్తోంది. బిసున్‌దేవ్ గట్టు మీద నిలబడి తోటకేసి చూస్తున్నాడు. మాట తక్కువ మనిషి. ఆ రోజు అదే అతనికి చేటైంది.

ముఠాలో పర్సు అందరికన్నా ముందు నోరు తెరిచాడు. ఆ మనిషికి నోరు మూతపడదు.

"ఏం బిసున్ అన్నా, రాత్రి చలేసిందా?"

బిసున్‌దేవ్ తోట మీంచి చూపు తిప్పలేదు.

"నిన్నే అడిగేది. ఆఖరు చీటీ నీది. ఇప్పుడు ముందుకొచ్చేసింది. చీటీకి కాళ్ళొచ్చాయా?"

"నేను పెట్టలేదు. మెలకువొచ్చేసరికే మంట పైకి ఎక్కేసింది."

"మరెవరు పెట్టారు?"

"నాకేం తెలుసు? దారిన పోయేవాడెవడో సిగరెట్టు పడేసుంటాడు."

"మెట్ట మీద దారెక్కడిదన్నా? మీ ఇల్లు దాటితే వాగే కదా."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. పర్సు గొంతు తగ్గించి, "వేరేవాళ్ళకి కూడా అవసరాలుంటాయిలే" అంటూ సాకియాసి వైపు కనుకొసలతో చూశాడు. సాకియాసిది మా తోటల కింది భూమి గల వంశం. అయినా మా ముఠాలో కత్తి పట్టి నరుకుతాడు. మాతో బావా అంటే బావా అనుకునే వరస.

"నా వైపు చూస్తావేం బావా?" అన్నాడు సాకియాసి. "నా భూమికి నేనే నిప్పెట్టి, నేనే మసి పూసుకుని నరుక్కుంటానా? పెట్టాలనిపిస్తే నీ మీసానికి పెడతా. ముందు దాన్ని మొలవనీ."

ఈసారి అందరూ నవ్వారు. బిసున్‌దేవ్ నవ్వలేదు. నేను అతని ఎద్దు కోసం చూస్తున్నాను.

ఆ ఎద్దు ఎప్పుడూ తోట కింది కొసన మామిడి చెట్టు దగ్గర ఉంటుంది. మామిడి చెట్టు ఒక పక్కంతా కాలి ఆకు ముడుచుకుపోయింది. ఎద్దు అక్కడ లేదు. వాగు అవతల జామచెట్టుకి కట్టి ఉంది. ఒక్క వెంట్రుక కూడా మాడలేదు, తీరిగ్గా నెమరేస్తోంది.

పర్సు కూడా చూశాడు. "అదిగో! తోట కాలింది గానీ ఎద్దు చల్లగా ఉంది. దానికి ముందే కబురందినట్టుంది."

ఇక ఎవరూ నవ్వలేదు. అందరి మనసులో ముడి పడిపోయింది. నిప్పు పెట్టబోయేవాడే ఎద్దుని తప్పిస్తాడు.

బిసున్‌దేవ్ వాగు దాటి పోయాడు. పలుపు విప్పబోయాడు. రాలేదు. గోళ్ళతో లాగాడు, పళ్ళతో కొరికాడు, రాలేదు. చివరికి కత్తితో కోసేశాడు. కోసిన కొసని చేతిలో పట్టుకుని ఒక క్షణం దానికేసి చూసి జేబులో పెట్టుకున్నాడు. నేను తప్ప ఎవరూ అటు చూడటం లేదనుకున్నాను. అందరూ సర్దార్ మొహం చూస్తున్నారు.

"పెట్టినవాడెవడో వాడి పాపం వాడిది," అన్నాడు మహాబీర్. "కాలింది మాత్రం కాలింది. కత్తులు తీయండి."

అప్పుడే ఫూల్మతి వదిన మెట్టెక్కి వచ్చింది. తలమీది కొంగు నిండా బూడిద. ఎవరి తోట నరుకుతుంటే ఆ పూట ముఠాకి వాళ్ళింటి అన్నమే. ఆమె తెల్లవారుజాము నుంచి వంటలో ఉంది.

"సర్దార్, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఎవరికి పెట్టను?"

"కట్టుబాటు నీకు తెలియంది కాదు వదినా."

"తెలుసు. ఇది అయ్యాక శనివారం లోపు నా తోటకొస్తారా?"

సర్దార్ కత్తి అంచుని బొటనవేలితో తడుముకున్నాడు. మేమంతా చెరకు వైపు చూశాం.

"రారన్నమాట." ఆమె బిసున్‌దేవ్ వైపు తిరిగింది. "నువ్వు పెట్టావా?"

"లేదు వదినా. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల్ని మధ్యకి తేకు."

అంతే అంది. వచ్చిన దారినే దిగిపోయింది.

మధ్యాహ్నానికి బిసున్‌దేవ్ పెళ్ళాం సునైనా అన్నం గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. పప్పు, అన్నం, డబ్బా చేప కూర. పళ్ళాలు పరిచింది. పర్సు లేచి, తన సంచిలోంచి పొద్దుటి రొట్టె తీసి, దూరంగా పోయి కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. తర్వాత సర్దార్. నేను కూడా రొట్టె తీశాను. రొట్టె లేనివాళ్ళు ఓ చెరకు ముక్క విరుచుకున్నారు. చెరకు నరకమని కట్టుబాటు చెబుతుంది గానీ, అతని అన్నం తినమని ఎవరూ చెప్పలేరు.

సునైనా గరిట పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. నిండు గంప. మెట్ట ఎక్కుతుంటే ఆమె మెడ నరాలు కనిపించాయి.

బిసున్‌దేవ్ కూడా ఆ పూట తినలేదు.

ఆ రోజు నుంచి మెట్ట మీద ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. పక్క ముఠాలో చెరకు మిగిలినవాళ్ళు మంచాలు తోటల్లోకి మోసుకుపోయారు. బీడీ వెలిగించినా పదిమంది తలలు తిరిగేవి. కొట్లో ఎవరు కిరసనాయిలు కొన్నారో పర్సు వాకబు చేస్తూ తిరిగాడు. సాయంత్రం సర్దార్ ఇంట్లో యంగోనా పోస్తుంటే బిసున్‌దేవ్ వచ్చి తన చోట కూర్చున్నాడు. కొబ్బరి చిప్ప ఒక్కొక్కరికీ అందుతూ వచ్చి, అతన్ని దాటి పక్కవాడి చేతిలోకి పోయింది. అతను రెండో వరస దాకా చూసి లేచిపోయాడు. ఎవరూ ఉండమనలేదు.

మర్నాడు లారీకి చెరకు ఎత్తుతుంటే సాకియాసి నా పక్కకి వచ్చాడు.

"బావా, నిన్న పలుపు చూశావా?"

"ఊఁ."

"తను వేసిన ముడిని తను విప్పలేనివాడిని ఎక్కడైనా చూశావా?"

నేను మోపు ఎత్తి పైకి అందించాను.

"బిసున్ ఎప్పుడూ జారుముడి వేస్తాడు," అన్నాడు. "ఒక్క లాగుకి ఊడొస్తుంది. అది వేరేవాళ్ళు వేసిన ముడి. అయినా తోట తగలబెట్టడానికి వచ్చిన పరాయివాడు ఎద్దు చచ్చిపోతుందేమోనని వాగు దాటించి కట్టి వస్తాడా?"

నేను మెట్ట పైకి చూశాను. బిసున్‌దేవ్ ఇంటి ముందు సునైనా ఆవు పాలు పితుకుతోంది. దూడ పలుపుని గుంజకి మూడు చుట్లు తిప్పి, కిందనుంచి దూర్చి, కాలితో తన్నిపెట్టి బిగించింది. సాకియాసి కూడా అటే చూశాడు.

"పర్సుకి చెబుదామా?"

"వద్దు," అన్నాను.

ఆ తర్వాత ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ రోజంతా కత్తి ఆడుతున్నా నా చూపు ఆ ఇంటి మీదే ఉంది. బిసున్‌దేవ్‌కి తెలుసా? తెలిసే కోసిన పలుపు జేబులో దాచాడా? తెలిస్తే, ఎవర్ని కాపాడుతున్నట్టు, పెళ్ళాన్నా, చెరకునా? అతని మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మసి పట్టిన మొహాలన్నీ ఒకలాగే ఉంటాయి.

మూడో మధ్యాహ్నం సునైనా మళ్ళీ గంప దించింది. అప్పటికి తోటలో మూడొంతుల్లో రెండొంతులు లారీలెక్కాయి. ముందు రెండు రోజుల్లాగే ఎవరి రొట్టె వాళ్ళు తీశాం.

"ఇవాళ చేమాకు కూర. కొబ్బరి పాలు పోశాను," అంది. "తినకపోతే మానె. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళు కూడా లేరా?"

"ఉప్పు సరిపోయే ఉంటుందిలే వదినా," అన్నాడు పర్సు. "మీ ఇంట్లో నిప్పే కాస్త ఎక్కువైంది."

ఆమె గరిట కింద పెట్టింది.

"ఆయన్ని అంటున్నావా?"

"ఎద్దుని అంటున్నాను."

"ఆయన్ని అనకండి. ఎద్దుని వాగు దాటించింది నేను. అగ్గిపుల్ల గీసింది నేను. ఆయన గురకపెట్టి నిద్రపోతున్నాడు."

ఎవరి నోట్లో ముద్ద వాళ్ళ నోట్లోనే ఉండిపోయింది. బిసున్‌దేవ్ తలెత్తలేదు.

"మొగుడి మీద మాట పడుతుందని తన మీద వేసుకుంటోంది," అన్నాడు పర్సు, కానీ గొంతులో మునుపటి ఊపు లేదు.

"ఊరుకో పర్సూ," అన్నాను. "ఆ ముడి బిసున్‌ది కాదు."

నేను మూడు రోజుల్లో అందరి ముందూ మాట్లాడిన మొదటి మాట అదే కాబట్టి కాబోలు, అందరూ నా వైపు చూసి ఊరుకున్నారు.

సునైనా ఆగలేదు. "రెండేళ్ళు మా చెరకు నిలబడిపోయింది. మీరంతా మీ తోటలు నరుక్కుని బట్టలు కొనుక్కున్నారు. మేం చెరకుని ఎలకలకి మేపాం. మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈసారి బిసున్‌ది ముందు కానీ అన్నారా? ఈయన నోరు తెరిచి అడిగాడా? అడగడు. మూడో ఏడూ ఆఖరు చీటీ తెచ్చాడు. 'మనకి అదే వచ్చింది' అని చెప్పి పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. మాది రెండేళ్ళు నిలబడింది గదా, ఫూల్మతి అక్కది ఒక్క ఏడు నిలబడితే ఏం పోయిందనుకున్నాను. అనుకునే పెట్టాను."

సర్దార్ నెమ్మదిగా అన్నాడు. "ఆమెకి ఇంకో ఏడు లేదమ్మా. కౌలు ఈ డిసెంబరుతో సరి."

"ఏ కౌలు?"

సర్దార్ చేతిలోని రొట్టెని సంచిలో పెట్టేశాడు.

"ఏ కౌలు సర్దార్?"

"ఆమె భూమి కౌలు. చెరకు నరకకపోతే భూమితో పాటు అదీ పోతుంది."

సునైనా మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"చీట్లు తీసిన రోజు నుంచి. సర్దార్ ఇంట్లో అనుకున్నారు."

"మరి నాకు చెప్పలేదేం?"

బిసున్‌దేవ్‌కి ఆ ప్రశ్నే అర్థమైనట్టు లేదు. "గిన్నె దగ్గర మాటలు ఇంటికి మోసుకొస్తామా ఎక్కడైనా?" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. మేమెవరం మోసుకురాం. గిన్నె బోర్లిస్తే అక్కడి మాటలు అక్కడితో సరి. అది పెద్దమనిషి తరహా అని మా తండ్రులు నేర్పారు. ఆ మెట్ట మీద ఏ ఇంటి ఆడదానికీ ఫూల్మతి వదిన కౌలు సంగతి తెలియదని నాకు అప్పుడే తట్టింది. మా ఇంటిదానికీ తెలియదు.

సునైనా అతని చేతిలోంచి కత్తి లాక్కుంది. గంప అక్కడే వదిలేసి కిందికి నడిచింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు సర్దార్. "ఇక్కడ ఇంకా మూడో వంతు ఉంది."

"ఉండనీ. పులవనీ."

ఆమె ఫూల్మతి వదిన తోటలోకి దిగడం పైనుంచి కనిపించింది. బిసున్‌దేవ్ తన మిగిలిన చెరకుని ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకి చూసుకున్నాడు. ఇంకో రోజున్నర కష్టం. అదంతా అతని ఇంటికి రావలసిందే. తర్వాత సాకియాసి దగ్గరికి పోయి, "నీ రెండో కత్తి ఇస్తావా?" అని అడిగాడు.

సాకియాసి కత్తి ఇచ్చి, తను కూడా లేచాడు.

"కాలిన చెరకు వదిలేసి పచ్చ చెరకు మీదికి పోయిన ముఠా ఈ కొండల్లో లేదు," అన్నాడు సర్దార్.

"ఇప్పుడు ఉంది సర్దార్," అని సాకియాసి దిగిపోయాడు.

సర్దార్ ఏదో గొణుక్కుని లేచాడు. మేమూ లేచాం. పర్సు అందరి వెనకా వచ్చాడు. వస్తూ వస్తూ, "ఇదీ ఏదో ఎత్తే అయ్యుంటుంది" అన్నాడు.

మేం దిగేసరికి ఫూల్మతి వదిన గట్టు మీద నిలబడి ఉంది. సునైనా మొదటి వరసలో వంగి నరుకుతోంది. అలవాటు లేని చెయ్యి. గడలు వంకరగా తెగుతున్నాయి.

"ఏమిటిది?" అంది వదిన.

సునైనా నడుం ఎత్తింది. "నీ కౌలు సంగతి నాకు తెలియదక్కా. మంట పెట్టింది నేనే. తెలియక పెట్టాను."

"తెలిస్తే పెట్టేదానివి కాదా?"

సునైనా చేతిలోని గడని గట్టు మీద పెట్టింది. మేమంతా ఆ జవాబు కోసమే ఆగినట్టు ఆగాం.

"పెట్టేదాన్ని కాదనే అనుకుంటున్నాను," అంది.

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. కొత్తమనిషిని చూసినట్టు చూసింది. "ఆ మూల చెత్త ఎక్కువ," అంది చివరికి. "కందిరీగలుంటాయి. చూసి నరుకు."

పచ్చ చెరకు కాలిన చెరకులా తెమలదు. ప్రతి గడకీ ఆకు దులపాలి, మొవ్వ కొట్టాలి. ఆకు అంచులు చేతులు కోసేస్తాయి. ఆ సాయంత్రం, మర్నాడు, శనివారం పొద్దు వాలేదాకా నరికాం. సునైనా అరచేతులు పొక్కి, చిట్లి, గుడ్డ చుట్టుకుని మళ్ళీ వంగింది. ఎవరూ ఆగమనలేదు. బిసున్‌దేవ్ ఆమెతో మాట్లాడటం నేను చూడలేదు. గాలి తిరిగినప్పుడల్లా పై మెట్ట నుంచి అతని చెరకు పులిసిన వాసన వచ్చేది. ఆ వాసన వచ్చినప్పుడు అతను ఇంకాస్త గట్టిగా నరికేవాడు.

శనివారం ఆఖరి లారీ నిండాక డ్రైవరు ఇంక రానన్నాడు. ఫూల్మతి వదినది బిసున్‌దేవ్ తోటకన్నా చిన్నదే, అయినా అందులో మూడో వంతు నిలబడే ఉంది. ఆమె ఆ మిగిలినదానికేసి చూసి మనసులో లెక్క వేసుకుంది.

"ఇంటికి సరిపోతుంది," అంది. "వంటింటికి సరిపోదు."

సర్దార్ తల ఊపాడు. వచ్చే ఏడు బిసున్‌దేవ్ తోట చీట్లలో ఉంటుందా, ఉంచుతారా అని ఎవరో అడగబోయి మానుకున్నారు. బిసున్‌దేవ్ ఆ అడగబోయినవాడి మొహం చూశాడు, తర్వాత మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

వదిన మమ్మల్ని ఇంటికి రమ్మంది. ఒక పక్క గోడ పలకలు అప్పటికే విప్పి పెరట్లో దొంతి పెట్టి ఉన్నాయి. పెరట్లో మూడు రాళ్ళ మీద గంజు ఉడుకుతోంది. పప్పు, అన్నం, ఉడకబెట్టిన కర్రపెండలం, మిరపకాయ పచ్చడి. మేం నేల మీద వరసగా కూర్చున్నాం. బిసున్‌దేవ్, సునైనా వరస చివర, మాకు నలుగురు మనుషులు పట్టేంత ఎడంగా కూర్చున్నారు.

వదిన పళ్ళాలు వేసుకుంటూ వచ్చింది. ఆ ఎడం దగ్గరికి వచ్చాక ఒక క్షణం ఆగింది. తర్వాత వాళ్ళిద్దరికీ కూడా వడ్డించింది, అందరికీ వేసినంతే. సునైనా గుడ్డ చుట్టిన చేత్తో ముద్ద కలపలేక ఎడమ చేత్తో పెండలం ముక్క తీసుకుంది. వదిన తన పళ్ళెం తెచ్చుకుని ఆ ఎడంలో కూర్చుంది.

అందరం తిన్నాం.